ఏడో దీవిలో సొంతిల్లు

గుంటూరు మిర్చి యార్డుకు కూతవేటు దూరంలో రెండు కోల్డ్ స్టోరేజీలు, లక్ష్మీపురంలో మూడంతస్తుల ఇల్లు, ఇంటి ముందు రెండు కార్లు ఉన్న తాళ్ళూరి సోమసుందరానికి యాభై ఎనిమిదో ఏట ఒక లోటు తెలిసొచ్చింది. తనకు దేశం ఒక్కటే ఉంది.

ఆ సంగతి బయటపడింది తోడల్లుడు ఆదిశేషు మనవడి పంచెల ఫంక్షన్‌లో. ఆదిశేషుది గ్రానైట్ వ్యాపారం. మొన్న మొన్నటిదాకా అతనూ అందరిలాగే ఏకదేశస్థుడు. ఆ రోజు మాత్రం భోజనాలకు ముందు వెండి పళ్లెంలో తమలపాకుల మధ్య ముదురు నీలం రంగు పాస్‌పోర్టు ఒకటి పెట్టి బంతిబంతికీ తిప్పించాడు. పురోహితుడు అలవాటు కొద్దీ దాని మీద కూడా నాలుగు అక్షింతలు వేశాడు.

"నూట నలభై దేశాలు, అన్నయ్యా. వీసా ఊసే లేదు. సంచి తగిలించుకుని బయల్దేరటమే," అన్నాడు ఆదిశేషు. "నీకు ఆ స్విట్జర్లాండ్ వీసా రెండోసారి కూడా కొట్టేశారంట గదా. ఏందంట కారణం?"

కారణం చుట్టాల ముందు చెప్పుకునేది కాదు. టూరు అయ్యాక సోమసుందరం తిరిగి గుంటూరు వెళ్లిపోతాడన్న నమ్మకం తమకు కలగలేదని ఆ దేశం వాళ్లు రాశారు. లక్షా యాభై వేల బస్తాల మిర్చి పెట్టుకున్నవాడు మంచు చూసి మనసు మార్చుకుంటాడని వాళ్ల భయం. సోమసుందరం ఆ రోజు గోంగూర మాంసం కూడా మారు వడ్డించుకోలేదు.

ఆ సోమవారమే భార్య హైమావతిని వెంటపెట్టుకుని హైదరాబాదులో వసుధైక పాస్‌పోర్ట్ కన్సల్టెన్సీకి వెళ్లాడు. అక్కడ ప్రణవ్ అనే కుర్రాడు వాళ్లిద్దరికీ కొబ్బరినీళ్లిచ్చి, గోడంత టీవీలో సాంత మెరీలా అనే దేశం చూపించాడు. నీలం సముద్రం, తెల్లటి ఇసుక, ఇసుక మీద ఎవరూ లేని కుర్చీలు. కింద ఇంగ్లీషులో నినాదం: ఏడు దీవులు, ఒకే గుండె.

"జనాభా బేసిక్‌గా పదకొండు వేలు, సార్. కొన్నవాళ్లు మాత్రం ఏడు లక్షలు. అంటే డిమాండ్ అర్థం చేసుకోండి," అన్నాడు ప్రణవ్. "ఏడో దీవి పేరు పెర్లిటా. అందులో ఒక విల్లాలో మీకు పావు వాటా. ఆ వాటా మీద పౌరసత్వం."

"విల్లాకి సముద్రం ఎంత దూరం?" అంది హైమావతి.

"దూరం అనే కాన్సెప్టే లేదు మేడమ్. ఎటు చూసినా వాటరే."

"ఒకసారి పోయి చూసొస్తాం బాబూ," అన్నాడు సోమసుందరం. ఎకరం పొలం కొనాలన్నా నాలుగు గట్లూ తొక్కి, మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూసే మనిషి.

ప్రణవ్ జాలిగా నవ్వాడు. "చూసి కొనేది స్థలం సార్. మీరు కొనేది స్టేటస్."

ఆ మాట సోమసుందరానికి తెగ నచ్చింది. దారిలో సూర్యాపేట దగ్గర టీ తాగుతూ దాన్ని రెండుసార్లు పైకి అనుకున్నాడు.

నాలుగు నెలలకు బంగారు అంచు కాగితం మీద తాత్కాలిక పౌరసత్వం వచ్చింది. మరుసటి వారం ఇక్కడి సర్కారు నుంచి దాని తోక వచ్చింది: భారతీయుడు ఇంకో దేశం పౌరుడైతే ఇక్కడి పౌరసత్వం దానంతటదే పోతుందనీ, కనుక పాత పాస్‌పోర్టు, ఓటరు కార్డు ఇచ్చేయాలనీ.

హైమావతి కాగితం రెండు వైపులా చదివింది. ఆవిడ ఎందులోనూ వాటా అడగలేదు. ఆవిడకు ఉన్న దేశం ఉన్నట్టే ఉంది. "రెండో పౌరసత్వం అన్నారు. ఇప్పుడు మొదటిది ఏదండీ?"

సోమసుందరం ప్రణవ్‌కు ఫోన్ చేసి అదే అడిగాడు.

"సార్, సెకండ్ అనేది ప్రోడక్ట్ పేరు," అన్నాడు ప్రణవ్.

పరాయి దేశస్థుడు పద్నాలుగు రోజుల్లోగా తన వివరాలు రాయించుకోవాలన్నారు కాబట్టి సోమసుందరం విదేశీయుల నమోదు ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా సౌమ్యుడే. కంప్యూటర్‌లో ఫారం తెరిచి, ఎర్ర చుక్క పెట్టిన గడులన్నీ నింపితేనే కింద బటన్ వెలుగుతుందని ముందే చెప్పాడు.

"ఇండియాకి వచ్చిన తేదీ?"

"నేను రాలేదండీ. ఇక్కడే ఉన్నా."

"ఎర్ర చుక్క ఉందండీ."

కాసేపు తర్జనభర్జన పడ్డాక, వచ్చిన తేదీ దగ్గర పుట్టిన తేదీ వేశారు.

"దిగిన ఎయిర్‌పోర్టు?"

"పెద్దాసుపత్రిలో పుట్టానండీ. మా అమ్మ రిక్షాలో పోయింది."

ఇచ్చిన జాబితాలో పెద్దాసుపత్రి లేదు. గుమాస్తా 'ఇతరములు' నొక్కాడు. కంప్యూటర్ కాసేపు గిర్రున తిరిగి, ఎర్ర పెట్టె ఒకటి చూపించింది. గుమాస్తా కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"వీసా లేకుండా మీరు యాభై ఎనిమిదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నట్టు చూపిస్తోందండీ."

"అది నిజమే గదండీ."

"నిజమే అనుకోండి. చట్టప్రకారం మాత్రం చాలా పెద్ద సంఖ్య." గొంతు తగ్గించాడు. "మర్యాదస్తులు గనక ఆరు నెలలు గడువు పెడుతున్నాను. మీ దేశం వాళ్ల శాశ్వత పాస్‌పోర్టు తెచ్చి చూపించండి, వీసా కొట్టిస్తా. తేకపోతే మిమ్మల్ని మీ దేశానికి పంపించాలి."

"ఏ దేశానికి?"

"అదే మీరు తేవాల్సింది."

సరిగ్గా అప్పుడే ఆ శాశ్వత పాస్‌పోర్టు సంగతి అడ్డం తిరిగింది. ప్రపంచంలో పెద్ద దేశాలన్నీ కలిసి సాంత మెరీలాను నిలదీశాయి: మీ పౌరుల్లో ఏడు లక్షల మంది మీ దేశాన్ని ఫొటోలో తప్ప చూడలేదు, వాళ్లకు దాని మీద ప్రేమేమిటి అని. సాంత మెరీలా ప్రభుత్వం సిగ్గుపడింది. సిగ్గుపడ్డ ప్రభుత్వాలన్నీ చేసే పనే చేసింది. కొత్త శాఖ పెట్టింది. దాని పేరు అనురాగ నిర్ధారణ శాఖ. దాని మొదటి ఉత్తర్వు ఇలా ఉంది:

'తాత్కాలిక పౌరులందరి అనురాగమును మూడు వందల మార్కుల ప్రశ్నపత్రము ద్వారా నిర్ధారించవలెనని నిశ్చయించడమైనది. మాతృదేశము పట్ల ప్రేమలో నూటికి తొంభై అను మాట ఉండజాలదు గనుక, ఉత్తీర్ణత మార్కు మూడు వందలకు మూడు వందలుగా నిర్ణయించడమైనది. శాఖ ముద్రించిన పరిచయ పుస్తకమే ప్రమాణము. చట్టము ముందు అందరూ సమానులు గనుక, ఇచ్చటనే పుట్టినవారికిని ఈ పరీక్ష వర్తించును.'

మూడు వందలకు మూడు వందలు అనేసరికి మిగతా ప్రపంచం గుండె జారిపోయింది. రష్యావాళ్లు లాయర్లను పెట్టారు. అరబ్బులు డబ్బు వెనక్కి అడిగారు. తెలుగువాళ్లు మాత్రం అడ్మిషన్లు ఎక్కడని అడిగారు.

పది రోజుల్లో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర శ్రీ దేశాంతర అకాడమీ వెలిసింది. 'ప్రేమ పుట్టదు, పుట్టించబడును' అని నాలుగంతస్తుల ఫ్లెక్సీ. పొద్దున్నే నాలుగున్నరకు బెల్లు. స్టడీ అవర్, ఉప్మా, సాంత మెరీలా చరిత్ర. మళ్లీ స్టడీ అవర్, సాంబారన్నం, సాంత మెరీలా పక్షులు. రొయ్యల చెరువుల ఆసాములు, రోడ్డు కాంట్రాక్టర్లు, ఒక పళ్ల డాక్టరు బంకు బెడ్ల మీద పడుకుని జాతీయగీతం చరణాలు బట్టీ పట్టేవాళ్లు. ఆదివారం పిల్లలు పులిహోర క్యారేజీలు పట్టుకుని చూడ్డానికి వచ్చేవాళ్లు. "నాన్నా, వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది?" అని కొడుకు అడిగితే, నూట యాభై ఎకరాల ఆసామి తల దించుకుని చొక్కా గుండీ తిప్పేవాడు.

అక్కడ పాఠాలు చెప్పే కోటిలింగం సార్ ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పేవాడు. సాంత మెరీలా ఏ సముద్రంలో ఉందో ఆయనకు తెలియదు, సిలబస్‌లో లేదు కాబట్టి. ఉన్నది మాత్రం పేజీ నంబరుతో సహా చెప్పేవాడు.

"జాతీయ చేప ఏది?"

"సిల్వర్ గ్రంట్," అని క్లాసంతా ఒక్క గొంతుతో.

"పేజీ?"

"ముప్పై నాలుగు."

"ఎందుకు ప్రేమిస్తున్నాం దాన్ని?"

"రెండు మార్కులు సార్."

అకాడమీలో చేరిన సోమసుందరానికి బెంచీలో పక్కన కూర్చునేది జోకిం. నలభై ఏళ్ల నల్లటి, పొడుగాటి మనిషి. అసలు సిసలు సాంత మెరీలావాడు, పడవ నడుపుకునేవాడు. అతనిక్కడికి రావడానికీ కారణముంది. అక్కడ పెట్టిన మొదటి పరీక్షలో పుట్టు పౌరులు పదకొండు వేల మందికిగాను నలుగురే గట్టెక్కారు. ఆ నలుగురూ పరిచయ పుస్తకం అచ్చు వేసిన ప్రెస్సులో పనిచేసేవాళ్లు. మిగతావాళ్లకు దేశం మీద ప్రేమ లేదని తేలడంతో, ప్రేమ నేర్చుకు రమ్మని ప్రభుత్వం రెండు వందల మందిని స్కాలర్‌షిప్ మీద విజయవాడ పంపింది. తక్కినవాళ్లకు పాఠాలు ఆన్‌లైన్‌లో.

జోకిం మూడు నెలల్లో హాస్టల్ మెస్సులోనే తెలుగు నేర్చుకున్నాడు. కారంపొడికి అలవాటు పడ్డాడు. అలవాటు పడనిది ఒక్కటే, పేజీ నంబర్ పన్నెండు.

"సాంత మెరీలాలో దీవులెన్ని?" అడిగాడు కోటిలింగం సార్ ఒకరోజు.

"ఏడు," అంది క్లాసు.

"ఆరు సార్," అన్నాడు జోకిం లేచి నిలబడి. "పెర్లిటా మునిగిపోయింది. పందొమ్మిదేళ్లయింది."

కోటిలింగం సార్ పుస్తకం చూశాడు. తర్వాత జోకింని చూశాడు. రెండింట్లో పుస్తకమే నమ్మకంగా కనిపించింది. "మునిగిందా తేలిందా అనేది సిలబస్‌లో లేదు నాన్నా. పేజీ పన్నెండు, ఏడు. కూర్చో."

జోకిం కూర్చున్నాడు. అతని పక్కన సోమసుందరం మాత్రం కూర్చున్నచోటే మునిగిపోయాడు. క్లాసు అవగానే మెట్ల కిందికి పోయి ప్రణవ్‌కు ఫోన్ చేశాడు.

"ఏం బాబూ, పెర్లిటా నీళ్లలో ఉందంటగా."

"సార్, బేసిక్‌గా టెంపరరీగా అండర్ వాటర్."

"ఎప్పట్నించి?"

"నైంటీన్ ఇయర్స్."

"మరి ఎప్పుడు తేలుద్ది?"

"దానికి రోడ్‌మ్యాప్ ఉంది సార్."

"నా విల్లా కట్టింది ఎప్పుడయ్యా?"

"పోయినేడు," అన్నాడు ప్రణవ్. ఆ తర్వాత సిగ్నల్ సరిగా లేదన్నాడు.

సోమసుందరం ఆ మెట్ల కిందే కూలబడి లెక్క చూసుకున్నాడు. దీవులు ఏడయితే తనకు విల్లా ఉంది, విల్లా ఉంటే పౌరసత్వం, పౌరసత్వం ఉంటే గుంటూరులో వీసా. దీవులు ఆరయితే విల్లా లేదు, దేశం లేదు, యాభై ఎనిమిదేళ్లుగా దొంగతనంగా ఉంటున్న లక్ష్మీపురం ఇల్లు కూడా లేదు. నీళ్లు ఉన్నది ఎక్కడో దక్షిణ సముద్రంలో, ఊపిరాడనిది మాత్రం ఇక్కడ.

పరీక్షకు ముందు రోజు మెస్సులో జోకిం పక్కన చేరాడు. "జోకిమూ, నువ్వు ఏడని రాసెయ్యి. రాస్తే పోయేదేముంది? కాగితమే గదా."

జోకిం పెరుగన్నం కలుపుతూ ఉన్నాడు. "మా ఇల్లు పెర్లిటాలోనే, సార్. నీళ్లు వసారాలోకి వచ్చినప్పుడు మా అమ్మను ఎత్తి పడవలో పెట్టింది నేను. ఆవిడ రాలేదు ముందు. కోళ్లు ఉన్నాయి అంది. నేను ఏడు అని ఎట్టా రాస్తాను?"

"రాయకపోతే నీకు దేశం పోద్దయ్యా."

"పోతే?"

"పోతేనా," అన్నాడు సోమసుందరం. చెప్పడానికి తనకు చాలా తెలుసు. ఎర్ర చుక్కలు, ఎర్ర పెట్టెలు, 'ఇతరములు'. గిన్నె అతని వైపు జరిపాడు. "పచ్చడి ఏసుకో," అన్నాడు.

ఫలితాలు వచ్చాయి. అకాడమీ నుంచి నాలుగు వందల పన్నెండు మందికి మూడు వందలకు మూడు వందలు. పాస్‌పోర్టు ఫొటోలతో ఫ్లెక్సీ ఏలూరు రోడ్డు దాకా సాగింది. మూడో వరసలో సోమసుందరం, తిలకంతో. జోకింకి రెండు వందల తొంభై తొమ్మిది. సాంత మెరీలాలో పుట్టినవాళ్లంతా, ప్రెస్సువాళ్లు నలుగురు తప్ప, అదే ఒక్క ప్రశ్న దగ్గర బోర్లాపడ్డారు. పదకొండు వేల మంది ఏకగ్రీవంగా ఆరు అని రాశారు. జవాబుల మీద అభ్యంతరాలకు శాఖ వారం రోజులు గడువిచ్చింది, కానీ పౌరులే అభ్యంతరం చెప్పాలన్న నిబంధన ఉంది. ఫెయిలైన మరుక్షణం నుంచి వాళ్లు పౌరులు కారు. పాసైనవాళ్లకు అభ్యంతరం ఏముంటుంది? జోకిం చేస్తాడేమోనని సోమసుందరం ఆ వారం రోజులూ ఫోన్ సైలెంట్‌లో పెట్టాడు.

ఆఖరి మెట్టు ప్రమాణ స్వీకారం. నిబంధన నలభై ఒకటి: 'పౌరుడు తన సొంత గడప మీద నిలబడి, సాయంత్రం అయిదు గంటల లోపల ప్రమాణము చేయవలెను.' పోవడానికి మాత్రమే పనికొచ్చే ప్రయాణ పత్రం ఒకటి పంపించారు. రావడానికి శాశ్వత పాస్‌పోర్టు కావాలి. అది ప్రమాణం అయ్యాక అక్కడికక్కడే ఇస్తారు.

"గడపంటున్నారు. గడపే లేదు గదా అక్కడ," అంది హైమావతి.

"అంతా ఆఫీసులోనే కానిస్తారంట. సంతకం పెట్టించి పంపుతారు. ప్రణవ్ చెప్పాడు."

హైమావతి సూట్‌కేసులో చీరల మధ్య చిన్న గ్యాసు పొయ్యికి బదులు కర్పూరం, ఇత్తడి గిన్నె, పాలపొడి ప్యాకెట్టు సర్దింది. సొంతిల్లన్నాక పాలు పొంగించకుండా ఎలా?

సాంత మెరీలా రేవులో వాళ్ల కోసం ఎదురుచూస్తున్నది ఆఫీసు కాదు, పడవ. చుక్కాని దగ్గర జోకిం. మెడలో ప్లాస్టిక్ కార్డు వేలాడుతోంది: విదేశీ కార్మికుడు, మూడు నెలల పర్మిట్.

"నమస్కారం సార్. బాగున్నారా అమ్మా?"

"నువ్వేందయ్యా ఇక్కడ?" అన్నాడు సోమసుందరం.

"పని దొరికింది సార్. పౌరుల్ని ఇళ్లకు చేర్చడం. చాలామంది వస్తున్నారు గుంటూరు, భీమవరం నుంచి."

పడవలో అనురాగ రిజిస్ట్రార్ కూర్చుని ఉన్నాడు. కోటు, టై, కోటు మీద నారింజరంగు లైఫ్ జాకెట్, ఒళ్లో రబ్బరు స్టాంపుల పెట్టె. పాసైన నలుగురు ప్రెస్సువాళ్లలో ఒకడు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే జోకిం తెలుగు చేసి చెప్పాడు.

గంటన్నర ప్రయాణం. తీరం సన్నని గీతయింది, తర్వాత అదీ పోయింది. నాలుగూ నలభైకి జోకిం ఇంజను ఆపాడు. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఒక చోట నీళ్లు కొంచెం లేతరంగులో ఉన్నాయి.

"వచ్చేశాం సార్," అన్నాడు జోకిం. "ఇదే మీ విల్లా. ఆ పక్కది మాది."

సోమసుందరం పడవ అంచు పట్టుకుని కిందికి చూశాడు. "ఎంత లోతుంటది?"

"గడప దాకా అయితే మూడు నిలువులు."

"నాకు ఈత రాదని చెప్పు ఆయనకు. ఈ పడవలోనే ప్రమాణం చేస్తానని చెప్పు."

జోకిం చెప్పాడు. రిజిస్ట్రార్ పుస్తకం తీసి నిబంధన వెతికి, వేలు పెట్టి చూపించాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు. జోకిం దాన్నంతా శ్రద్ధగా తెలుగు చేశాడు.

"శాఖ దృష్టిలో ఇక్కడ నేల ఉందట సార్. నేల ఉన్నచోట పడవలో నిలబడి ప్రమాణం చేయడం దేశాన్ని అవమానించడమట. నేల లేదని ఒప్పుకునే అధికారం ఆయనకు లేదట. మీకూ లేదట. మీరు ఏడు అని రాశారట."

"లేదని ఇప్పుడు అంటేనో?"

రిజిస్ట్రార్ ఆ ప్రశ్నకు అనువాదం కోసం ఆగలేదు. పెట్టెలోంచి రెండు స్టాంపులు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి పాస్‌పోర్టుకు. ఇంకోటి ఎర్రది. చేతి గడియారం చూపించాడు. నాలుగూ యాభై రెండు.

సోమసుందరం నాలుగు దిక్కులా చూశాడు. ఏ దిక్కున గుంటూరుందో తెలియలేదు. ఆరు అంటే ఇక్కణ్ణించి కదలడానికి కాగితం లేదు. ఏడు అంటే కదలడానికి కాళ్ల కింద నేల లేదు. యాభై ఎనిమిదేళ్లలో ఎన్నడూ కొలతలు చూడకుండా గజం స్థలం కొనలేదు, ఈ ఒక్కటి తప్ప.

అతను మెల్లగా లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులోని ఫోన్ తీసి భార్యకు ఇచ్చాడు. చెప్పులు విప్పి పడవలో ఒక పక్కన, జతగా పెట్టాడు.

జోకిం లంగరు తాడు విప్పాడు. ఒక కొస సోమసుందరం నడుముకు రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడేశాడు, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు. విదేశీ కార్మికుడు పౌరుణ్ణి ముట్టుకోవచ్చునా అని రిజిస్ట్రార్ పుస్తకంలో వెతుకుతున్నాడు.

హైమావతి ఇత్తడి గిన్నెలో పాలు కలిపింది. కర్పూరం వెలిగించబోతే గాలికి ఆరిపోయింది. కొంగు అడ్డం పెట్టి మళ్లీ వెలిగించింది. మొగుడు ఒక కాలు ఎత్తి అంచు మీద పెట్టడం చూసి, చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది ఎడమండీ," అంది. "కుడికాలు ముందు పెట్టండి."